అరవై సెంట్ల పన్ను

వరదయ్యకు కోపం రావడానికి కారణం ఉండనక్కర్లేదు. ఆ రోజు మాత్రం కారణం కూడా దొరికింది. పురపాలక కార్యాలయం నుంచి వచ్చిన నోటీసును మూడుసార్లు చదివి, నాలుగోసారి భార్య చంద్రకాంతమ్మ చేత చదివించాడు. ఇద్దరికీ అంకె ఒకటే వచ్చింది. ఎర్రమిట్టలోని అరవై సెంట్లకు ఖాళీ స్థలం పన్ను ఏడాదికి ముప్పై ఒక్క వేలు. ఊరు పట్నంలో కలిసి రెండేళ్లయింది కాబట్టి ఆ రెండేళ్ల బకాయి కూడా కట్టాలి. వరదయ్య కంచాన్ని పక్కకు తోసేశాడు.

ఆ అరవై సెంట్ల కథ కొంచెం చెప్పుకోవాలి. వరదయ్య తండ్రి కాలంలో అది ఉలవలు చల్లితే ఉలవలు కూడా నామోషీ పడే రాళ్లమిట్ట. తండ్రి పోయాక పంపకాల్లో ఎవరూ వద్దంటే వరదయ్య వాటాకు వచ్చింది. అతను చక్కెర ఫ్యాక్టరీలో కాటా గుమాస్తాగా చేరాడు, ఫ్యాక్టరీ మూతపడేదాకా చేశాడు, ఇన్నేళ్లలో ఒక్క రోజు కూడా ఆ నేలలో గడ్డిపరక పీకిన పాపాన పోలేదు. పీకనవసరం లేకపోయింది. చెన్నై నుంచి బెంగుళూరు పోయే హైవేను వెడల్పు చేస్తూ చేస్తూ ప్రభుత్వం వారే దాన్ని తెచ్చి వరదయ్య గెనిమి గట్టు పక్కన పడుకోబెట్టారు. సెంటు మూడు వేలు పలకని మిట్ట సెంటు లక్షకు, రెండు లక్షలకు ఎక్కింది. మనిషి కూర్చున్న చోటి నుంచి కదలకుండా లక్షాధికారి కావడమంటే ఇదే. అయితే ఆ లక్షలు నేలలో ఉన్నాయి, జేబులో లేవు. జేబులో ఉన్నది నెలకు రెండు వేల తొమ్మిదొందల పింఛను, నాగవేణి ఇచ్చే బాడుగ ఏడాదికి పద్దెనిమిది వేలు.

నాగవేణి ఆ నేలలో మామిడి అంట్ల నర్సరీ పెట్టి పద్నాలుగేళ్లు. బంగారుపాళ్యం గుజ్జు ఫ్యాక్టరీలు పారేసే టెంకలను ట్రాక్టరుతో తోలించుకుని, మళ్లలో పరిచి, మొలిపించి, రాగిరంగు చిగురు వేసినప్పుడు కోసి మంచి రకం కొమ్మను కట్టి, సంచుల్లో పెంచి అమ్ముతుంది. రాళ్లన్నీ ఏరి హద్దు కట్టింది ఆమే. చెరువు మట్టి తోలించింది ఆమే. మొగుడు పోయిన ఏడాది దిగిన మనిషి, ఐదుగురు ఆడవాళ్లకు కూలి ఇచ్చే స్థితికి వచ్చింది. ఆమె నోరు మాత్రం మంచిది కాదని వరదయ్య అభిప్రాయం. తన నోటి సంగతి అతను ఎప్పుడూ ఆలోచించినట్టు లేదు.

మరుసటి రోజే వరదయ్య ఆఫీసుకు వెళ్లి బల్ల గుద్దాడు. కాలు పెట్టే సందు లేకుండా మొక్కలుంటే ఖాళీ ఎట్లవుతుందని అడిగాడు. పన్ను గుమాస్తా ఓపిక గలవాడు, ఎంత ఓపికగా మాట్లాడితే అంత ఒళ్లు మండించే రకం. మొక్కలు సంచుల్లో ఉన్నాయి, నేలలో లేవు, కాబట్టి అది పంట కాదన్నాడు. పంట కాదు, కట్టడం కాదు, కాబట్టి ఖాళీ. మూలన ఉన్న రేకుల షెడ్డుకు కట్టడం పన్ను వేరే పడుతుంది.

"స్థలం నుంచి నాకొచ్చేది పద్దెనిమిది వేలు. నువ్వడిగేది ముప్పై ఒక్క వేలు. అమ్మితే గదప్పా దానికి ధర. అమ్మనోడికి ధర యాడిది?" అన్నాడు వరదయ్య.

"హైవే వచ్చినాకే గదా సార్ ఆ ధర వచ్చింది. హైవేకి మీరేమన్నా ఇచ్చినారా?"

వరదయ్య అడిగిందీ న్యాయమే, గుమాస్తా అడిగిందీ న్యాయమే. ఇద్దరి న్యాయాలూ కలిసినా పన్ను ఒక్క రూపాయి తగ్గలేదు. వరదయ్య మెట్లు దిగుతూ, ఈ దేశంలో నేల ఉండడమే నేరమైపోయిందని, నేల లేనివాడు దొరలా బతుకుతున్నాడని గొణుక్కున్నాడు. నేల లేనివాడు అనుకోగానే నాగవేణి గుర్తొచ్చింది. దారి దొరికింది.

ఆ పూటే నర్సరీకి పోయాడు. నాగవేణి రేకుల షెడ్డు కింద కూర్చుని, పెదాల మధ్య ప్లాస్టిక్ పట్టీ పట్టుకుని అంటు కడుతోంది. చుట్టూ ఆడవాళ్లు. వరదయ్య కూర్చోకుండానే చెప్పేశాడు. స్థలాన్ని వాడుకునేది ఆమె, సంపాదించుకునేది ఆమె, కాబట్టి పన్ను ఆమే కట్టాలి, పాత బకాయితో సహా. నాగవేణి పట్టీ ముడి వేసి, నోరు ఖాళీ చేసుకుని, అయితే బాడుగలో తగ్గించుకుంటానంది. బాడుగ బాడుగే, పన్ను పన్నే అన్నాడు వరదయ్య. కట్టలేకపోతే పదిహేను రోజుల్లో ఖాళీ చెయ్యమన్నాడు.

అతను చూసి చూసి ఆ నెలలోనే అడిగాడు. అక్కడ ఎనిమిది వేల అంట్లు కట్టు మీదున్నాయి. కట్టు విప్పని అంటును కదిపితే అతుకు ఊడి చస్తుంది. అది నాగవేణికి తెలుసు, పద్నాలుగేళ్లు చూసినవాడు కాబట్టి వరదయ్యకూ తెలుసు.

"మెడ మీద కత్తి పెట్టి అడగతా ఉండావు," అంది నాగవేణి.

"నేను పెట్టలేదు మే. మునిసిపాలిటీ పెట్టింది. నేను పక్కకు జరుగుతా ఉండా, అంతే."

పక్కకు జరగడానికి కూడా కాగితం కావాలి. రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా చింతచెట్టు కింద బల్ల వేసుకున్న దస్తావేజులు రాసే కుప్పయ్య దగ్గరికి ఇద్దరూ పోయారు. సాక్షి సంతకానికి చంద్రకాంతమ్మ కూడా వచ్చింది. కుప్పయ్య కళ్లజోడు సర్దుకుని, సదరు స్థలములో నర్సరీ నాగవేణిదని, పన్నుతో వరదయ్యకు సంబంధం లేదని రాశాడు. వరదయ్య చదివి పెదవి విరిచాడు. రేపు ఈమె కట్టకపోతే స్థలం నీదే గదా అని తన మీదికి వస్తే? అందుకని ఇంకా గట్టిగా రాయమన్నాడు. పద్నాలుగేళ్లుగా స్థలం ఆమె స్వాధీనంలోనే, ఆమె అనుభవంలోనే ఉందని రాయమన్నాడు. స్థలంతో తనకు గానీ, తన వారసులకు గానీ ఎలాంటి సంబంధమూ లేదని రాయమన్నాడు.

కుప్పయ్య కలం ఆపాడు. "స్థలంతోనా? పన్నుతో అని ఉంటే చాలదా అన్నా?"

"స్థలంతోనే. రాయి."

"పట్టా నీది గదా."

"పట్టా బీరువాలో ఉంటాది. అది యాడికి పోతాది? నువ్వు రాయప్పా."

కుప్పయ్యకు పేజీకి ఇంత అని ముడుతుంది. ఒక పేజీ రెండు పేజీలవుతుంటే వద్దనడానికి అతనేం పిచ్చివాడా. రాశాడు. ఏనాడూ టీకి రెండో రూపాయి తియ్యని వరదయ్య రెండో పేజీకి కూడా సంతోషంగా డబ్బిచ్చాడు. చంద్రకాంతమ్మ సంతకం పెట్టేముందు మొగుడి వైపు ఒకసారి చూసింది. గమ్మున పెట్టమన్నాడు, పెట్టింది. నాగవేణి తనకో జిరాక్సు కావాలంది. దానికైన రెండు రూపాయలు ఆమెనే ఇచ్చుకోమన్నాడు వరదయ్య. ఇచ్చుకుంది. అసలు కాగితం ఆఫీసులో ఇచ్చేసరికి పన్ను లెక్క నాగవేణి పేరు మీదికి మారింది.

తర్వాతి నాలుగేళ్లు వరదయ్య జీవితంలో తిన్నది అరిగిన రోజులు. టీ బంకు దగ్గర పన్ను గురించి ఎవరు ఏడ్చినా, తెలివి ఉండాలబ్బా అని నవ్వేవాడు. ఆ నవ్వు చూసి ఓర్చుకున్నవాళ్లు పుణ్యాత్ములు.

నాగవేణి మాత్రం అరిగిపోయింది. పన్ను పడిందని అంటు ధర పెంచడానికి లేదు. పట్నం హద్దు దాటి పది నిమిషాలు పోతే ఇంకో ఇరవై నర్సరీలున్నాయి, వాళ్లకు ఈ పన్ను లేదు, అంటు నలభై అయిదుకు ఇస్తారు. ఇక్కడ యాభై అంటే బండి ఆపినవాడు కూడా మళ్లీ ఎక్కి పోతాడు. ధర పెరగనప్పుడు ఖర్చు తగ్గాలి. ఐదుగురు ఆడవాళ్లలో ముగ్గుర్ని ఇళ్లకు పంపింది. రేకుల షెడ్డుకు వేరే పన్ను కాబట్టి రేకులన్నీ ఊడబెరికించి పాతసామాన్ల వాడికి అమ్మేసింది. నీడలో చెయ్యాల్సిన పనిని మిగిలిన ఇద్దరితో కలిసి నెత్తిన తుండు వేసుకుని ఎండలో చేసింది. పక్కనే ఇంకెవరిదో ఎకరా సర్కారు తుమ్మలతో నిండి ఉంది. పంట అని రాయించుకుని వాడు పైసా కట్టడు. చేసేవాడికి వాత, ఊరికే ఉన్నవాడికి మేత. ఆ పన్నును కనిపెట్టిన మహానుభావుడు ఒక్క ఏడాది సంచుల్లో మొక్కలు పెంచి ఉంటే బాగుండేది.

స్థలం ధర పెరిగే కొద్దీ పన్నూ పెరిగి నలభై ఆరు వేలకు చేరింది. ధర పెరిగింది గదా అని వరదయ్య బాడుగనూ ఇరవై నాలుగు వేలు చేశాడు. నాగవేణి రెండూ కట్టింది. ఒక విడత అంట్లు అమ్ముడుపోయే లోపల కొత్త అంట్లు కట్టు మీదికి వచ్చేవి. లేచిపోవడానికి వీలైన నెల ఒక్కటీ రాలేదు.

ఇట్లా ఉండగా ఈ ఏడాది మార్చిలో గిరిప్రసాద్ వచ్చాడు. తిరుపతిలో లాడ్జీలు కట్టి డబ్బు చూసినవాడు, హైవే పక్కన పెద్ద హోటలు కట్టాలని అతని కోరిక. సెంటుకు మూడు లక్షలన్నాడు. అరవై సెంట్లకు కోటీ ఎనభై లక్షలు. ఆ మాట విన్న పూట వరదయ్య రెండుసార్లు కాఫీ తాగాడు. ముప్పై ఏళ్లు ఎవరికీ అమ్మకుండా అట్టిపెట్టుకున్నందుకు ఫలం చేతికొచ్చిందనుకున్నాడు. డెబ్బై ఒకటో ఏట కోటీశ్వరుడై, మూతపడిన ఫ్యాక్టరీలో తనను కాటా వరదయ్య అని పిలిచినవాళ్లందరి ముందూ కారు దిగాలని ఉంది.

పది రోజుల తర్వాత గిరిప్రసాద్ మళ్లీ వచ్చాడు. ఈసారి కుర్చీ అంచున కూర్చున్నాడు. వకీలు కాగితాలన్నీ చూశాడట. పట్టా వరదయ్యదే, అందులో తేడా లేదు. కానీ నాలుగేళ్లుగా పన్ను రసీదులు నాగవేణి పేరు మీద ఉన్నాయి, స్థలంతో తనకూ తన వారసులకూ సంబంధం లేదని వరదయ్యే స్వయంగా రాసిచ్చిన స్టాంపు కాగితం ఆఫీసు ఫైల్లో ఉంది. కోర్టుకు పోతే వరదయ్యే గెలుస్తాడట. గెలిచేసరికి పదిహేను ఇరవై ఏళ్లు పట్టొచ్చునట.

"నాకు హోటలు కావల్ల, వ్యాజ్యం వద్దు," అన్నాడు గిరిప్రసాద్. "ఏప్రిల్ పదో తేదీ లోపల ఆమె చేత హక్కు లేదని సంతకం పెట్టించండి. లేదంటే రోడ్డుకు అవతల పక్కది తీసుకుంటా."

అతను పోయాక చంద్రకాంతమ్మ ఒకే మాట అంది. "కొండనాలుకకు మందేసినావు. ఉన్న నాలుక ఊడింది."

సాక్షి సంతకం నువ్వే గదా పెట్టినావని వరదయ్య ఆమె మీద పడ్డాడు. ఆమె లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

వరదయ్య కిలో మైసూరుపాకు కొనుక్కుని నర్సరీకి పోయాడు. పద్దెనిమిదేళ్లలో మొదటిసారి ఆమెను 'అమ్మా' అని పిలిచాడు. అంతటితోనే నాగవేణికి సగం అర్థమైపోయింది. విషయం చెప్పి, ఒక్క సంతకం పెడితే యాభై వేలిస్తానన్నాడు. స్టెల్లా అనే కూలామె, మిగిలిన ఇద్దరిలో ఒకతె, చేతిలో చాకు అట్లాగే పట్టుకుని వింటోంది. నాగవేణి మైసూరుపాకు పొట్లాన్ని మొక్కల సంచి మీద పెట్టింది.

"నేను గట్టిన పన్ను రెండు లక్షలు దాటింది. ఎందుకు గట్టమన్నారు? ధర పెరిగింది, దానికి గట్టమన్నారు. పెరిగిన ధరకు పన్ను నేను గట్టినా గదన్నా. అయితే ఆ పెరిగిన ధర ఎవురిది?"

"స్థలం నాది."

"స్థలం అడగలా నేను. ధర ఎవురిదో సెప్పు."

మాట తన మీదికి తిరిగినప్పుడు చేసే పనే వరదయ్య చేశాడు, అరిచాడు. గతిలేక వచ్చినదానికి చోటిస్తే ఇంటికే ఎసరు పెడతావా అన్నాడు. ఇంకా కొన్ని అన్నాడు, అవి రాయదగినవి కావు. నాగవేణి లేచి నిలబడింది. ఆమె గొంతు పెరగలేదు. సంతకం కావాలంటే వచ్చే డబ్బులో సగం ఇమ్మంది. లేదంటే పట్టాను బీరువాలోనే పెట్టుకోమంది. ఈ నెల నుంచి బాడుగ కూడా ఇవ్వనంది.

"సంబంధం లేనోడికి బాడుగెందుకు?"

వరదయ్య ఇంటికొచ్చాక రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. తొంభై లక్షలు! ఆమె మొహానికి తొంభై లక్షలు! తొంభై తనకు మిగులుతాయన్న సంగతి అతని బుర్రకు ఎక్కలేదు. పోయే తొంభైయే కనపడింది. మూడో రోజు ఒక ఉపాయం తట్టింది. రసీదుల వల్ల కదా చిక్కు వచ్చింది, రసీదుతోనే తీరాలి. కొత్త ఏడాది పన్నును ఆమెకంటే ముందు తానే కట్టేస్తే, స్థలం తనదేనని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. చంద్రకాంతమ్మకు చెబితే, ఆ ఆడమనిషితో కూర్చుని మాట్లాడుకోవడం మేలంది. నీకు తెలీదు గమ్మునుండు అన్నాడు.

బ్యాంకులో దాచుకున్న డిపాజిట్టును గడువు తీరకముందే తీయించాడు. ఏప్రిల్‌లో కొత్త లెక్కలు తెరిచిన మొదటి రోజే, ఎనిమిది గంటలకల్లా కౌంటరు ముందు నిలబడ్డాడు. నలుగురి తర్వాత అతను. పన్నును ముందే కడితే కొంచెం తగ్గిస్తారు కాబట్టి వరుస గేటు దాకా పెరిగింది. తనకు ఆరేడుగురి వెనక నాగవేణి నిలబడి ఉండడం చూశాడు. చీర చెంగున డబ్బు ముడి. వరదయ్యకు ప్రాణం లేచొచ్చింది. పన్నెండేళ్ల పిల్లోడు పరుగు పందెంలో గెలిచినట్టు ఆమె వైపు చూసి గడ్డం ఎగరేశాడు.

గుమాస్తా అతనే, అదే ఓపిక. వరదయ్య పన్ను నంబరు చెప్పి, నోట్ల కట్టలు కిటికీలోంచి తోశాడు. తగ్గింపు పోను నలభై మూడు వేల ఏడొందలు. యంత్రం లెక్కపెట్టింది. డెబ్బై ఒక్క ఏళ్లలో అతను ఇష్టపూర్వకంగా కట్టిన మొదటి పన్ను అదే. రసీదు సర్రున బయటికొచ్చింది. కళ్లజోడు పెట్టుకుని చదివాడు. స్థలం, ఎర్రమిట్ట. విస్తీర్ణం, అరవై సెంట్లు. చెల్లింపుదారు, నాగవేణి.

"ఏమప్పా ఇది? దుడ్డు నాది. నిలబడింది నేను."

ఎవరైనా కట్టొచ్చని గుమాస్తా చెప్పాడు. కొడుకు కడతాడు, అల్లుడు కడతాడు, ఒక్కోసారి బాకీ ఉన్నవాడు కడతాడు. ఎవరు కట్టినా నంబరు ఎవరి పేరు మీదుంటే రసీదు వాళ్లదే. పేరు మార్చాలంటే ఆమె వచ్చి సంతకం పెట్టాలి, లేదా కోర్టు నుంచి తీర్పు తేవాలి. అయితే నా డబ్బు నాకివ్వు అన్నాడు వరదయ్య. కట్టిన పన్ను వెనక్కి రాదన్నాడు గుమాస్తా. పక్కకు జరగమన్నాడు.

పక్కకు జరిగేసరికి ఎదురుగా నాగవేణి. అరుపులు ఆమెకు వినబడ్డాయి, వరుసలో అందరికీ వినబడ్డాయి. ఆమె చెంగు ముడిని ఒకసారి తడిమి చూసుకుని, చెయ్యి చాచింది.

"రసీదు ఇట్లియ్యన్నా. నా పేరుండాది."

వరదయ్య ఇవ్వలేదు. ఇవ్వకుండానూ ఉండలేదు. వేళ్లు వదులయ్యాయి, ఆమె తీసుకుంది. నాలుగు మడతలు వేసి జాకెట్లో పెట్టుకుంది. తర్వాత గోడ పక్కకు వెళ్లి ఫోను తీసి స్టెల్లాకు చేసింది. వరదయ్య అక్కడే ఉన్నాడు కాబట్టి ప్రతి మాటా విన్నాడు.

"స్టెల్లా, రేపట్నించి ఆ ముగ్గురినీ పనిలోకి రమ్మను. రేకులోడికి కూడా ఫోన్ సెయ్యి, షెడ్డు మళ్లా ఏయిద్దాం. దుడ్డుండాది. ఈ యేటి పన్ను స్థలం ఓనరే గట్టేసినాడు."

వరదయ్య ఉలిక్కిపడ్డాడు. వరుస వైపు తిరిగి, ఇన్నారా, ఓనరని ఆమె నోటితోనే అనింది, మీరంతా సాక్షి అని అరిచాడు. ఎవరూ తల తిప్పలేదు. ఎవరి నోటీసు వాళ్ల చేతిలో ఉంది, వరుస ఒక అడుగు ముందుకు జరిగింది.